లూప్ తెంచకుండా కొలవడం

విదేశంలో పవర్ సప్లై డిజైన్ ఉద్యోగంలో చేరాక నాకు ఎక్కువగా ఎదురైన ప్రశ్న ఒకటే: "ఫేజ్ మార్జిన్ ఎంత?" అంటే, సర్క్యూట్ తనంతట తానే ఊగిపోయే స్థితికి ఎంత దూరంలో ఉందని. ఔట్‌పుట్ 3.3 వోల్టుల దగ్గర నిలకడగా ఉంది, లోడ్ మార్చినా ఊగడం లేదు అని చెబితే రివ్యూలో వింటారు. కానీ ఫ్రీక్వెన్సీని బట్టి గెయిన్, ఫేజ్ ఎలా మారతాయో రెండు గీతల్లో చూపే బోడే ప్లాట్ పెట్టేదాకా సంతకం పెట్టరు. మొదట్లో ఇదంతా చాదస్తం అనిపించింది.

ఆ ప్లాట్ కోసం ఫీడ్‌బ్యాక్‌ను, అంటే ఔట్‌పుట్‌ను గమనించి సరిదిద్దే లూప్‌ను, కొలవాలి. దాన్ని నిజంగా తెంచేస్తే రెగ్యులేటర్ అదుపు తప్పుతుంది, కొలవడానికి ఏమీ మిగలదు. అందుకే ఔట్‌పుట్‌కీ, ఫీడ్‌బ్యాక్ డివైడర్‌లోని (ఔట్‌పుట్ వోల్టేజీలో కొంత భాగాన్ని తీసుకునే రెసిస్టర్ల జత) పై రెసిస్టర్‌కీ మధ్య 10 నుంచి 50 ఓమ్‌ల రెసిస్టర్ పెడతాం. ఇంజెక్షన్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా దాని మీద చిన్న సైన్ వేవ్ కలుపుతాం. ఫ్రీక్వెన్సీ మారుస్తూ, ఆ రెసిస్టర్‌కి రెండు వైపులా వోల్టేజీలు చూసి ఎనలైజర్ నిష్పత్తి లెక్కకడుతుంది. ఆ చోటే ఎందుకంటే, ఔట్‌పుట్ వైపు ఇంపెడెన్స్ చాలా తక్కువ, డివైడర్ వైపు చాలా ఎక్కువ; అందుకే కొలత లూప్‌ను పెద్దగా చెదరగొట్టదు. 1975లో మిడిల్‌బ్రూక్ ప్రచురించిన పేపర్ ఈ పద్ధతికి పునాది.

గెయిన్ 0 డెసిబెల్స్‌కి దిగే చోట 45 డిగ్రీలైనా మార్జిన్ ఉండాలి, 60 ఉంటే టెన్షన్ లేదు. ఆ అంకె నమ్మదగినదా అన్నదే అసలు తలనొప్పి. సిగ్నల్ పెద్దదైతే సర్క్యూట్ లీనియర్‌గా ఉండదు, చిన్నదైతే నాయిస్‌లో మునిగిపోతుంది. సిగ్నల్‌ను సగానికి తగ్గించి మళ్లీ స్వీప్ చేయమని ల్యాబ్ టెక్నీషియన్ ఒకాయన నేర్పాడు. గీత కదిలితే ముందటి కొలత పనికిరాదు. ఏ పాఠ్యపుస్తకం కన్నా నాకు అది ఎక్కువ ఉపయోగపడింది.

ఇంకో చిక్కు కెపాసిటర్లతో. 22 మైక్రోఫారడ్ అని రాసి ఉన్న సిరామిక్ కెపాసిటర్, డీసీ వోల్టేజీ పడితే సగానికి పైగా కోల్పోవచ్చు. ఎలక్ట్రోలైటిక్ అయితే చలిలో ఈఎస్‌ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) పెరిగి ఫేజ్‌ను అటూ ఇటూ చేస్తుంది. కాబట్టి గది ఉష్ణోగ్రతలో తీసిన ఒక్క ప్లాట్‌ను ఇక్కడ ఎవరూ లెక్కచేయరు. చలిలో, వేడిలో, తక్కువ లోడ్‌లో, పూర్తి లోడ్‌లో, ఇన్‌పుట్ వోల్టేజీ రెండు అంచుల్లో మళ్లీ మళ్లీ తీయాల్సిందే. పర్చేజింగ్ వాళ్లు కెపాసిటర్ కంపెనీ మార్చినా అంతే.

ఇదంతా వలస వచ్చినవాడికి ఒక రకంగా మేలే. వాళ్ల వేగానికి నా ఇంగ్లీషు అందుకోలేకపోయినా, తెర మీద ప్లాట్ ఉంటే చర్చంతా ఆ రెండు గీతల మీదే నడుస్తుంది. ఎంత సీనియర్ అయినా "నా అనుభవం ప్రకారం" అని చెప్పి దాటేయలేడు.

డివైడర్ చిప్ లోపలే ఉన్న ఫిక్స్‌డ్ ఔట్‌పుట్ రెగ్యులేటర్లతో మాత్రం పేచీ. రెసిస్టర్ పెట్టే చోటే ఉండదు. ఔట్‌పుట్ ఇంపెడెన్స్‌ను కొలిచి, దానిలో శిఖరం ఎంత పదునుగా ఉందో చూసి మార్జిన్ అంచనా వేయాలి. దాన్ని రివ్యూలో ఒప్పించడానికి మాత్రం నా ఇంగ్లీషు అంతా ఖర్చవుతుంది.