మా ఊరు యాడికి పోయింది సామీ?

2022 జులైలో ఒక మధ్యాహ్నం కదిరి దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన అనంతపురంలోని మా ఆఫీసుకు వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన 2018 నాటి పంటల బీమా కాగితం. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయినా 'జిల్లా: అనంతపురము' అన్నది మాత్రం స్పష్టంగా ఉంది. ఆ ఏడాది వాళ్ల ఊరి చెనక్కాయ దిగుబడి ఎంతో మా దగ్గర రాసి ఉంటే చూపమన్నాడు. కాగితంలో ఉన్నట్టే ఊరు, జిల్లా కొట్టి వెతికాను. ఏమీ రాలేదు.

"మా ఊరు యాడికి పోయింది సామీ?" అన్నాడు.

పోగొట్టింది నేనే. ఆ ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. రైతుల ప్రశ్నలకు జవాబులిచ్చే మా నాలెడ్జ్ బేస్‌లో కదిరి పక్కనున్న 'అనంతపురం' చెరిపేసి కొత్త పేరు రాశాను. దాంతో 2018 పంట లెక్కలు కూడా అప్పటికింకా పుట్టని జిల్లా కిందికి వెళ్లిపోయాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇలా ఇంకెన్ని ఊళ్లు చెరిపేశానో అని టెన్షన్.

సరిచేయడానికి నాలుగు నెలలు పట్టింది. మా దాంట్లో ఏ విషయమైనా మూడు ముక్కలే: కదిరి, ఏ జిల్లా, అనంతపురం. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని రాసే చోటే లేదు. వికీపీడియా వాళ్ల సమాచార కోశం వికీడేటాలో ఒక్కో వాక్యం కింద మొదలైన తేదీ, ముగిసిన తేదీ పెడతారు. మేమూ ఆ దారే పట్టాం. ఇప్పుడు కదిరికి మూడు వరుసలున్నాయి. 1910 దాకా కడప, ఆ తర్వాత 2022 ఏప్రిల్ 3 దాకా అనంతపురం, అక్కడి నుంచి శ్రీ సత్యసాయి. మొదటి వరుస దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. మండలాలు వచ్చిందే 1985లో. 1910లో చేతులు మారింది కదిరి తాలూకా, ఇప్పటి మండలం కాదు. రెండింటికీ పేరు ఒకటే గనక ఒకే గుర్తింపు సంఖ్య ఇచ్చేశాం. విడదీయక తప్పలేదు. అనంతపురం జిల్లాకూ అంతే. 63 మండలాల పాత జిల్లా వేరు, ఇప్పటిది వేరు.

తేదీలు పెట్టాక కూడా మే నెలలో ఒకరికి ఇచ్చిన జవాబు ఎందుకు తప్పిందో తేలలేదు. జిల్లా మారింది ఏప్రిల్‌లో, మేం ఎక్కించింది జూన్‌లో. అందుకే మాకు తెలిసిన తేదీని కూడా విడిగా రాయడం మొదలుపెట్టాం.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది వేరే ఉంది. ఒకచోట 63 మండలాలు అనాల్సింది ఎవరో 36 అని కొట్టారు. దాన్నీ, జిల్లా మారడాన్నీ ఒకే 'అప్‌డేట్' బటన్‌తో సరిచేస్తున్నాం. ఇవి రెండూ ఒకటి కానే కావు. కదిరి అనంతపురంలో ఉండేదన్నది ఆ రోజులకు ఇప్పటికీ నిజమే. 36 అన్నది ఏ రోజుకీ నిజం కాదు. బటన్‌ను రెండు చేయించాను: 'లోకంలో మారింది', 'మేం తప్పు రాశాం'. పని పెరుగుతుందని మా టీమ్‌లో అక్క ఒకామె వారం రోజులు వాదించింది. తర్వాత ఆమే మిగతావాళ్లకు నేర్పింది.

పాతవన్నీ దాచడంలో భయమూ ఉంది. ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు కొట్టమన్న పాత సలహా ఒకటి మా దగ్గర అలాగే ఉంది. 2011 మేలో సుప్రీంకోర్టు ఆ మందును ఆపేసింది. ఇప్పుడు ఆ సలహా రైతు కంట పడితే ప్రమాదం. చెరిపేస్తే అప్పట్లో ఏం చెప్పామో మాకే తెలియదు. వైద్య పదాల కోశం స్నోమెడ్ సీటీలో పాత పదాన్ని తీసేయరు, వాడుకలో లేదని గుర్తు పెడతారు. మేమూ ఆ గుర్తు పెట్టి, చరిత్ర అడిగితే తప్ప బయటికి రాకుండా కట్టడి చేశాం.

నవంబర్‌లో పెద్దాయనకు ఫోన్ చేశాను. అదే కవరుతో వచ్చాడు. ఊరు, జిల్లా, 2018 కొట్టగానే దిగుబడి లెక్క వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో 'ఇప్పుడు: శ్రీ సత్యసాయి జిల్లా' అని ఉంది. ఆయన కాగితాన్ని తెర పక్కన పట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుని చదివి, ప్రింట్ తీసిమ్మన్నాడు.

ఆయన వెళ్లాక రాయదుర్గం తెరిచాను. ఒకప్పుడు అది బళ్లారిలో ఉండేది.