చందమామ జాడీ నడుము దగ్గర అతుకు

చందమామ జాడీని కొరియన్‌లో దల్‌హాంగారి అంటారు. దల్ అంటే చంద్రుడు, హాంగారి అంటే జాడీ. కొరియాని ఏలిన జోసన్ రాజుల కాలంలో, 17వ శతాబ్దం చివరి నుంచి 18వ శతాబ్దం దాకా, సియోల్‌కి దగ్గర్లోని గ్వాంగ్జు బట్టీల్లో కాల్చిన తెల్ల పింగాణీ. మామూలుగా 40 సెంటీమీటర్ల పైనే ఎత్తుంటుంది. పువ్వు లేదు, తీగ లేదు.

అంత పెద్ద పొట్ట సారె మీద ఒక్క ముద్దలో నిలవదు. పింగాణీ మట్టికి జిగట తక్కువ, గోడ బయటికి వంగగానే కూలుతుంది. అందుకే రెండు పెద్ద గిన్నెలు చేసి, ఒకదాని మీద ఇంకోదాన్ని బోర్లిస్తారు. ఇప్పటి కుమ్మరులదీ ఇదే పద్ధతి. అంచుల వ్యాసం కొలబద్దతో సరిచూడాలి. రెండూ సమానంగా ఆరాలి: వేలితో నొక్కితే గుంట పడకూడదు, గోటితో గీస్తే గీత పడాలి. అప్పుడు అంచుల మీద అడ్డదిడ్డంగా గీతలు గీసి, అదే మట్టిని నీళ్లలో చిక్కగా కలిపి పూసి, అతికిస్తారు. ఒకటి తడిగా, ఒకటి పొడిగా ఉంటే చెరో లెక్కన కుంచించుకుపోయి, అతుకు మీదే బీట వస్తుంది. కింది గిన్నె గోడ కాస్త మందంగా ఉండాలి, పైదాని బరువంతా దాని మీదే కదా. ఆ తర్వాతే పై గిన్నె అడుగు కోసేసి మూతి తీస్తారు.

పింగాణీ ఆరి, కాలేసరికి దాదాపు 15 శాతం తగ్గుతుంది. 45 సెంటీమీటర్ల జాడీ కావాలంటే పచ్చి మట్టిలో 53 దాకా లేపాలి. 1,250 డిగ్రీలు దాటాక మట్టి మెత్తబడి, నడుము ఒక పక్కకి జారుతుంది. పాత జాడీలు నిండు గుండ్రంగా లేకపోవడానికి కారణం అదే. నన్నడిగితే యంత్రంతో చేసినట్టుండే కొత్తవాటికంటే ఆ వంకరే బాగుంటుంది. అతుకు చూడాలంటే పక్క నుంచి వెలుతురు పడనివ్వండి, పొట్ట మధ్యలో సన్నని గట్టు కనిపిస్తుంది.

2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్ జ్యోతి పాత్రకి ఈ జాడీ రూపమే ఇచ్చారు. అయితే ఈ వారసత్వాన్ని గట్టిగా కదిపింది యీ సూక్యాంగ్ అనే కొరియన్ శిల్పి. కుమ్మరులు నచ్చక పగలగొట్టిన జాడీల పెంకులు ఏరి, ఎపాక్సీ జిగురుతో అతికించి, అతుకుల మీద బంగారు రేకు వేస్తుంది. కొరియన్‌లో 'గుమ్' అంటే బీట, బంగారం కూడా. జపాన్‌లో పగిలిన పాత్రని బంగారు అతుకులతో బాగుచేసే కింత్సుగి అనుకునేరు! అక్కడ పగిలిన పాత్ర మళ్లీ ఆ పాత్రే అవుతుంది. ఈమె పెంకులు రకరకాల జాడీలవి, బుడగల్లా ఉబ్బి ఎటో పెరిగిపోతాయి. వాటిలో నీళ్లు పోయడానికి మూతి కూడా ఉండదు.