ఏలా లోయలో ఒక సాక్ష్యం

యెరూషలేముకు నైరుతిగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది ఏలా లోయ. గొర్రెల కాపరి దావీదు ఫిలిష్తీయుల మహాకాయుడు గొల్యాతును వడిసెల రాయితో పడగొట్టిన చోటు. పరిశుద్ధ దేశ యాత్రలో నేను అన్నిటికన్నా ఎక్కువగా ఎదురుచూసింది దీనికోసమే.

అక్కడ మందిరం లేదు, జనసందోహం లేదు. అటూ ఇటూ కొండలు, మధ్యలో గోధుమ చేలు, వాటి పక్కన ఎండిన ఏరు. వానలు పడితేనే అందులో నీళ్లు పారతాయి. పడమటి వైపు అజేకా దిబ్బ. ఉత్తరాన ఖిర్బెత్ కెయాఫా కొండ. 2007 నుంచి 2013 వరకు జరిగిన తవ్వకాల్లో అక్కడ ప్రాచీన కోట గోడలు బయటపడ్డాయి.

ఏటిలోకి దిగి మొదటి సమూయేలు 17వ అధ్యాయం చదువుకున్నాం. 40 రోజులు పొద్దునా సాయంత్రమూ గొల్యాతు సవాలు విని సైన్యమంతా వణికిపోయింది. నువ్వు పిల్లవాడివి, వాడితో పోరాడలేవు అని దావీదుతో అన్నాడు ఇశ్రాయేలు రాజు సౌలు. దావీదు తన బలం గురించి చెప్పుకోలేదు. గొర్రెలు కాసేటప్పుడు సింహం వచ్చింది, ఎలుగుబంటి వచ్చింది, అప్పుడు కాపాడిన దేవుడే ఇప్పుడూ కాపాడతాడన్నాడు. నాకు వడిసెల కన్నా ఆ జవాబే గొప్పగా కనిపిస్తుంది. రాయి చేతికి రాకముందే అతని భయం తీరిపోయింది.

మా బృందంలో దివిసీమ నుంచి వచ్చిన మామ్మగారొకరు ఉన్నారు. వంగి ఒక రాయి తీశారు. కోడిగుడ్డంత ఉంది, ఒకవైపు నున్నగా, రెండోవైపు పగులులో ఎర్రమట్టి. దాన్ని బొటనవేలితో తుడుస్తూ సాక్ష్యం చెప్పారు. 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి తాటిచెట్టును కావలించుకుని బతికారట. ఇప్పుడు మనవడికి జబ్బు. "ఆ నీళ్లలోంచి తీసిన దేవుడమ్మా, ఈ పిల్లాణ్ణి వదిలేస్తాడా?" అన్నారు నాతో. నా గొంతు పూడుకుపోయింది.

బస్సెక్కాక ఆమె పక్కనే కూర్చుని అదే గ్రంథంలో 21వ అధ్యాయం తీశాను. ఈ భాగం మనం అంతగా తలచుకోం. తనను చంపజూస్తున్న సౌలుకు భయపడి ఆయుధం లేకుండా పారిపోయిన దావీదు నోబు అనే ఊళ్లో యాజకుడి దగ్గర ఆగాడు. అక్కడ ఏఫోదు అనే యాజక వస్త్రం వెనుక బట్టలో చుట్టి ఉన్నది గొల్యాతు ఖడ్గమే! ఏలా లోయలో నువ్వు చంపినవాడిది అని యాజకుడు గుర్తుచేశాడు. దానికి సాటి లేదు, ఇవ్వమన్నాడు దావీదు. అయినా అక్కడి నుంచి గొల్యాతు ఊరైన గాతుకు వెళ్లాక మళ్లీ వణికాడు, పిచ్చివాడిలా నటించాడు. పాత విడుదలను తలచుకున్నంత మాత్రాన భయం మళ్లీ రాకుండా పోదు. వచ్చినప్పుడు ఎవరిని పట్టుకోవాలో మాత్రం తెలుస్తుంది. గాతులో ఫిలిష్తీయులు పట్టుకున్నప్పటిదని శీర్షిక ఉన్న 56వ కీర్తన నిండా అదే.

ఆ కీర్తన పైకి చదవమన్నారు మామ్మగారు. చివరి వచనం, మరణం నుంచి నా ప్రాణాన్ని తప్పించావు అనే మాట, నాకంటే ముందే ఆమె కంఠతా చెప్పేశారు.