రేవు మెట్ల మీద మా ఊరు

కార్తీకమాసం అయిపోయి నీళ్ళలో దీపాలు వదిలే పోలి పాడ్యమి రోజు అమ్మ నన్ను తెల్లవారుజామున మూడున్నరకే లేపేసింది. "ఆలస్యమైతే కింది మెట్ల మీద చోటు దొరకదురా, ఆ తోపులాటలో నేను నిలబడలేను" అని ఒకటే తొందర. స్కూటీ మీద కోటిలింగాల రేవుకి వెళ్ళేసరికి ఇంకా నాలుగు కాలేదు, అప్పటికే గట్టు మీద బండి పెట్టడానికి చోటు లేదు. చలి, చీకటి, కర్పూరం వాసన, తడి చీరల్లో వణుకుతూ మెట్లెక్కుతున్న ఆడవాళ్ళు. అరటి దొప్పలు అమ్మే ఆవిడ అమ్మని చూడగానే గుర్తుపట్టి "ఏమండీ అమ్మగారూ, కిందటేడు కనపళ్ళేదేంటండీ?" అని అడిగింది. "మోకాళ్ళమ్మా" అంది అమ్మ. వాళ్ళిద్దరూ ఏడాదికోసారి పది నిమిషాలు చూసుకుంటారు, ఒకరి పేరు ఒకరికి తెలియదు, అయినా ఒక ఏడు రాకపోతే గుర్తుంటుంది.

మాది రాజమండ్రి. 2015లో పాత పేరు రాజమహేంద్రవరం మళ్ళీ పెట్టారు గానీ మా నోటికి ఇంకా రాజమండ్రే వస్తుంది. బయట ఊళ్ళలో ఉన్న స్నేహితులకి గోదావరి గట్టు అంటే పుష్కరాలు, సాయంత్రం పుష్కర ఘాట్‌లో ఇచ్చే నిత్య హారతి, హావ్‌లాక్ వంతెన ముందు దిగిన ఫోటో. అవన్నీ నాకూ ఇష్టమే. కానీ ఈ మెట్లని ఊరు రోజూ ఎలా వాడుకుంటుందో ఎవరైనా రాస్తే బాగుండు అని చాలాకాలంగా అనుకుంటున్నాను, అందుకే ఇది.

ఉదయం ఐదు నుంచి తొమ్మిది దాకా ఒక్క మెట్టు మీదే కూర్చుని చూడండి. ముందు నిత్యం స్నానానికి వచ్చే పెద్దవాళ్ళు, వాళ్ళకి ఎవరి మెట్టు వాళ్ళదే, చెంబు పెట్టే చోటు కూడా మారదు. తర్వాత ఈతగాళ్ళు, వాకింగ్ వాళ్ళు. కాసేపటికి ఎక్కడో పల్లెటూరి నుంచి ఆటోలో ఒక కుటుంబం దిగుతుంది, పెద్ద కొడుకు చేతిలో ఎర్రగుడ్డ కట్టిన అస్థికల కుండ ఉంటుంది, పురోహితుడు వాళ్ళని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి గోత్రం అడుగుతాడు. వాళ్ళకి నాలుగు గజాల దూరంలో ఇంకో కుటుంబం పసిబిడ్డకి పుట్టువెంట్రుకలు తీయిస్తూ ఉంటుంది, బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే మేనమామ గిలక ఆడిస్తుంటాడు. ఒకసారి అక్కడ అస్థికలు కలిపి పైకి వస్తున్న ఒక ముసలాయన ఆగి, గుండు చేయించుకున్న ఆ పిల్లాడి తల నిమిరి వెళ్ళడం చూశాను. ఎవరూ ఏమీ అనలేదు, పిల్లాడి తల్లి మాత్రం వాడి చేత దణ్ణం పెట్టించింది. ఆ ఒక్క దృశ్యం కోసమైనా ఈ రేవు ఇలాగే అందరిదీ అయి ఉండాలని నాకు అనిపిస్తుంది.

ఇక నాణేలు ఏరే కుర్రాళ్ళు. వంతెన మీద వెళ్ళే రైళ్ళలోంచి జనం గోదారమ్మకి వేసే చిల్లర, మెట్ల మీద నుంచి వేసే చిల్లర నీళ్ళలోకే పోతుంది కదా, తాడుకి అయస్కాంతం కట్టి అడుగున ఈడుస్తూ వీళ్ళు దాన్ని పైకి తీస్తారు. నీళ్ళ అడుగు ఎక్కడ జారుతుందో, ఎక్కడ లోతు ఒక్కసారిగా పెరుగుతుందో వీళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇసుక పడవల వాళ్ళది ఇంకో లోకం, మునిగి ఇసుక తోడి పడవ నింపే ఆ పని చూస్తే ఊళ్ళో లేచిన ప్రతి అపార్ట్‌మెంటూ వాళ్ళ ఊపిరి బిగబట్టి కట్టిందే అనిపిస్తుంది.

మా తాతయ్య చిన్నప్పుడు ఇది నిజంగా ప్రయాణాల రేవు. 1900లో హావ్‌లాక్ వంతెన వచ్చినా అది రైళ్ళకే, 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చేదాకా కొవ్వూరు వెళ్ళాలంటే రైలైనా ఎక్కాలి, లాంచీ అయినా ఎక్కాలి. పాపికొండల మధ్య నుంచి భద్రాచలం దాకా లాంచీలు నడిచేవి. ఏజెన్సీ నుంచి కలప, వెదురు నీళ్ళ మీదే తేలుకుంటూ వచ్చేవి, కలప అడితీలకి ఈ ఊరు పేరుపడింది అందుకే. ఎండాకాలంలో కూడా మెట్ల దగ్గర నీళ్ళు ఉండటానికి కారణం దిగువన ధవళేశ్వరం ఆనకట్ట. 1852లో దాన్ని పూర్తి చేయించిన కాటన్ దొరని భగీరథుడితో పోల్చే సంస్కృత శ్లోకం ఒకటి ఉంది, గోదావరి స్నానం చేస్తూ దాన్ని చదివే పెద్దవాళ్ళని నేను చూశాను. హావ్‌లాక్ వంతెన మీద 1997 నుంచి రైళ్ళు లేవు, పక్కన ఆర్చి వంతెన వచ్చేసింది, పాతది మాత్రం నది మధ్యలో అలాగే నిలబడి ఉంది.

వరద రోజుల గురించి చెప్పకపోతే గట్టు గురించి చెప్పినట్టే కాదు. జూలై, ఆగస్టుల్లో నీళ్ళు ఎర్రబడగానే సాయంత్రం అయ్యేసరికి ఊరు ఊరంతా గట్టు మీదే ఉంటుంది. ఎన్ని మెట్లు మునిగాయి, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత పెరిగింది, భద్రాచలం దగ్గర ఎన్ని అడుగులుంది, ఇవే మాటలు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది, ఈ అంకెలు మా దగ్గర బడిపిల్లలకి కూడా వచ్చు. పెద్దవాళ్ళందరికీ 1986 ఒక్కటే కొలత, ఏ వరద వచ్చినా "ఎనభై ఆరంత కాదులే" అంటారు. 2022 జూలైలో మాత్రం ఆ మాట అనడానికి కూడా గొంతులు తడబడ్డాయి. మేము గట్టు మీద మొక్కజొన్న పొత్తులు తింటూ వరద చూస్తుంటాం, అదే సమయంలో నది మధ్య బ్రిడ్జిలంక, కేతావారిలంకల్లో ఉండేవాళ్ళు గిన్నెలు, మేకలు, పిల్లలతో పడవల్లో ఒడ్డుకి చేరుతుంటారు. మనకి చూడముచ్చటగా ఉండే నీళ్ళు వాళ్ళ పొయ్యిలోకి వచ్చినవే. ఆ రోజుల్లో గట్టుకి వెళ్ళేటప్పుడు ఒక దుప్పటో, పాల ప్యాకెట్లో తీసుకెళ్ళండి, ఇచ్చే చోటు అక్కడే కనపడుతుంది. పులస చేప కూడా ఆ ఎర్రనీటికి ఎదురీదుతూనే వస్తుంది, పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గానీ ఇప్పుడున్న ధరకి మా ఇంట్లో వాసన చూసే సంతోషం దాకే.

వినాయక నిమజ్జనానికి క్రేన్లు, శివరాత్రికి తెల్లవార్లూ స్నానాలు, మాఘమాసం ఆదివారాలు, ఇలా ఏడాదంతా ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. వీటన్నిటికీ పైన పన్నెండేళ్ళకోసారి పుష్కరాలు. 2003 పుష్కరాలప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, మా ఇంట్లో పన్నెండు రోజులూ చాపలు చుట్టలేదు, ఎవరెవరో చుట్టాల చుట్టాలు వచ్చి పడుకుని వెళ్ళారు. 2015లో డిగ్రీ చదువుతూ గౌతమి ఘాట్‌లో మజ్జిగ ప్యాకెట్లు పంచాను. మొదటి రోజు, జూలై 14, ఉదయం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 25 మందికి పైగా చనిపోయారు. మేమున్న చోట అప్పటికి జనం తక్కువే, నీళ్ళు అవే. అందరూ ఆ ఒక్క రేవులోనే మునగాలనుకున్నారు. పక్క రేవులు ఖాళీగా ఉన్నాయని ఎవరైనా కొవ్వూరు స్టేషన్ నుంచే చెప్పి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

2027లో మళ్ళీ పుష్కరాలు, పనుల గురించి మాటలు మొదలయ్యాయి. నేను అడిగేది చాలా చిన్నది. లైట్లు, ఫౌంటెన్లు పెట్టండి, సంతోషం. కానీ మిగతా పదకొండేళ్ళు ఈ మెట్లు వాడేవాళ్ళని ఒక్కసారి అడగండి. మొన్న పోలి పాడ్యమి రోజు అమ్మ స్నానం చేసి పైకి వచ్చాక బట్టలు మార్చుకునే గదికి తాళం ఉంది. తాళం ఎవరి దగ్గరుందో అక్కడున్న ఎవరికీ తెలియదు. అరవై ఐదేళ్ళ మనిషి, ముక్కూమొహం తెలియని ఇద్దరు ఆడవాళ్ళు చీర అడ్డం పట్టుకుంటే దాని వెనకాల నిలబడి మార్చుకుంది. నాకు చాలా కోపం వచ్చింది, ఆ ఇద్దరికీ దణ్ణం కూడా పెట్టాలనిపించింది. రోజూ తెరిచి ఉండే గది, శుభ్రమైన మరుగుదొడ్డి, మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళు పట్టుకోవడానికి నీళ్ళదాకా ఒక రెయిలింగ్, పడవలు కట్టుకోవడానికి చోటు. ఇవి ఉంటే పుష్కరాలకి వచ్చేవాళ్ళకీ అవే పనికొస్తాయి.

దీపాల దగ్గరికి వస్తాను. అమ్మ దొప్పలో ముప్ఫై వత్తులు వెలిగించి, పోలి కథ రెండు ముక్కల్లో చెప్పుకుంది. పత్తి, వెన్న అన్నీ దాచేసి అత్త రేవుకి వెళ్ళిపోతే, పెరట్లో రాలిన పత్తితో వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్నతో ఇంట్లోనే దీపం పెట్టుకున్న చిన్న కోడలి కథ. దొప్పని నీళ్ళలో వదిలి చేత్తో మూడుసార్లు తోసింది. వెళ్ళినట్టే వెళ్ళి, కట్టేసిన పడవ తాడుకి తగులుకుని అక్కడే తిరగడం మొదలుపెట్టింది. అమ్మ మొహం చిన్నబోయింది. నేను దిగుదామని ప్యాంటు మడుస్తున్నాను, ఈలోగా అయస్కాంతం తాడు భుజాన వేసుకున్న కుర్రాడొకడు "ఉండండి మామ్మగారూ" అని నడుము లోతు నీళ్ళలోకి వెళ్ళి, దీపం ఆరకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, దొప్పని తాడు అవతలకి దాటించి వదిలాడు. అక్కడి నుంచి అది వేరే దీపాలతో కలిసి వంతెన వైపు వెళ్ళిపోయింది, ఏది మాదో తెలియకపోయినా అమ్మ చూస్తూనే ఉంది.