బెర్లిన్‌లో సూప్ లీనా సమాధి దగ్గర

బెర్లిన్ ట్రామ్ టికెట్ దాదాపు నాలుగు యూరోలు. మన లెక్కలో నాలుగు వందల దాకా! అలెగ్జాండర్‌ప్లాట్జ్‌లో ఎం4 ఎక్కి కూర్చున్నా ఆ మంట తగ్గలేదు. గోడ, మ్యూజియంలు అందరూ చూసేవే కాబట్టి వాటి సంగతి వదిలేస్తున్నాను. మేం వెళ్తున్నది వైసెన్‌సేలోని యూదుల శ్మశానానికి, పసిపిల్లల చదువు కోసం, పేదల అన్నం కోసం పాటుపడిన లీనా మోర్గెన్‌స్టెర్న్ సమాధి కోసం. ఏళ్ల తరబడి ఎల్‌కేజీ పిల్లలకు చెప్పినదాన్ని, ఆవిడను చూడకుండా ఎలా వస్తాను?

మగవాళ్లు తల కప్పుకోవాలి కాబట్టి మావారు టోపీ పెట్టుకున్నారు. లోపలంతా అడవిలా ఉంది. లక్షకు పైగా సమాధులు. ఐవీ తీగ అల్లుకుపోయి చాలా రాళ్ల మీద పేర్లే కనబడవు. కొన్నింటి మీద మాత్రం ఎవరో పెట్టి వెళ్లిన గులకరాళ్లు వరసగా ఉన్నాయి. పూల బదులు రాయి పెట్టడం వాళ్ల ఆచారం.

కాళ్లు పీకేదాకా తిరిగాం. చివరికి నీళ్లడబ్బాతో మొక్కలు తడుపుతున్న ఒక పెద్దావిడను అడిగితే, పేరు వినగానే ఆవిడ ముఖం విప్పారింది. "జుప్పెన్‌లీనా!" అంది. అంటే సూప్ లీనా, బెర్లిన్ జనం పెట్టుకున్న పేరు. డబ్బా పక్కన పెట్టి మాతోపాటే నడిచింది.

కిండర్‌గార్టెన్లు నాస్తికత్వం నేర్పుతాయని అప్పట్లో బెర్లిన్‌ను ఏలిన ప్రష్యా ప్రభుత్వం 1851లో వాటిని నిషేధించింది. 1860లో నిషేధం ఎత్తేశారు. ఆ రోజుల్లోనే లీనా పసిపిల్లల చదువు మీద పుస్తకం తెచ్చింది. 1874 నుంచి ముప్పై ఏళ్లు గృహిణుల కోసం పత్రిక నడిపింది. ఆడవాళ్లు రాజకీయ సంఘాల్లో చేరకూడదన్న చట్టం అక్కడ 1908 దాకా ఉంది. అలాంటి రోజుల్లో, 1896లో, బెర్లిన్‌లో అంతర్జాతీయ మహిళా మహాసభ జరిపించింది. యూదురాలని తిట్టినవాళ్లూ తక్కువేం లేరు.

నన్ను బాగా పట్టుకున్నది మాత్రం వంటశాలల సంగతి. 1866లో ఆస్ట్రియాతో యుద్ధం వచ్చి ధరలు మండిపోతుంటే, జనం కోసం వంటశాలలు తెరిచింది. ఊరికే పెట్టలేదు, అయిన ఖర్చు మాత్రం తీసుకునేది.

నేను గోదావరి జిల్లాలో పుట్టి పెరిగాను. డొక్కా సీతమ్మ గారి ఇంట ఏ వేళకు వెళ్లినా అన్నం దొరికేదని చిన్నప్పటి నుంచీ విన్నదాన్ని. ఇద్దరూ 1909లోనే కన్నుమూశారు. తిరుగు ట్రామ్‌లో దీని మీదే మావారితో వాదన. ఆకలితో వచ్చినవాడి దగ్గర డబ్బులేంటి, సీతమ్మ గారిదే ధర్మం అంటారాయన. సీతమ్మ గారికి చేతులెత్తి మొక్కుతాను. కానీ డబ్బిచ్చి తిన్న కూలివాడు సూప్ నీళ్లలా ఉంటే నిలదీసి అడగగలడు కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నేనూ తగ్గలేదు.