పద్నాలుగు గంటల రాత్రి

ఈ చలికాలంలో నాలుగు రాత్రులు ఒంటరిగా నీటి ఒడ్డున గుడారం వేసుకొని, పగలు గాలం వేస్తూ గడపాలని నిర్ణయించుకున్నాను. మంచు పడే చోటుకు వెళ్లే ఉద్దేశం నాకు లేదు. నీళ్లు గడ్డకట్టని, మధ్యాహ్నం చొక్కా చేతులు మడుచుకొని ఒడ్డున కూర్చోగలిగే ప్రాంతాన్నే ఎంచుకుంటున్నాను. అలాంటి చోటుకు పెద్ద సన్నాహాలు అక్కరలేదని చాలామంది అంటారు. మూడేళ్ల కిందటి వరకు నేనూ అలాగే అనుకున్నాను. ఆ ఏడాది జనవరిలో, పగలు 22 డిగ్రీల సెల్సియస్ ఉన్న ఒక లోయలో, ఏటికి పదడుగుల దూరంలో, పలుచని స్లీపింగ్ బ్యాగ్‌లో పడుకున్నాను. రాత్రి రెండు గంటలకు వణుకుతూ లేచినవాణ్ణి మళ్లీ నడుము వాల్చలేక తెల్లవారే దాకా కూర్చునే ఉన్నాను. వెలుతురు వచ్చాక చూస్తే థర్మామీటర్ 3 డిగ్రీలు చూపించింది. అప్పటి నుంచి ఏ యాత్ర తలపెట్టినా పగటి అంకెను పక్కనపెట్టి, ముందుగా రాత్రి అంకెను వెతుకుతున్నాను.

వాతావరణ వివరాలలో కనిపించే సగటు ఉష్ణోగ్రత ఈ పనికి దాదాపు ఉపయోగపడదు. పగలు 22, రాత్రి 4 డిగ్రీలుండే చోటుకూ, పగలు 15, రాత్రి 11 డిగ్రీలుండే చోటుకూ సగటు 13 డిగ్రీలే అయినా, మొదటిచోట నిద్రపోవడానికి మోసుకెళ్లవలసిన బరువుకూ రెండోచోటి బరువుకూ పోలిక లేదు. నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది కాబట్టి సముద్రతీరాలలో పగటికీ రాత్రికీ తేడా తక్కువగా ఉంటుంది. తీరానికి దూరంగా, పొడిగా ఉండే ప్రాంతాలలో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రుల్లో నేల తన వేడినంతా పైకి వదిలేసుకుంటుంది. ఎత్తు పెరిగినకొద్దీ కూడా చలి పెరుగుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుందన్న లెక్క నాకు పటం ముందు కూర్చున్నప్పుడల్లా పనికివస్తుంది. ఆ నెలలో గత కొన్నేళ్లుగా నమోదైన కనిష్ఠాలను చూసి, అన్నింటిలోకీ తక్కువైన అంకె నుంచి మరో మూడు నాలుగు డిగ్రీలు తీసివేసి, వచ్చినదానికి సిద్ధపడుతున్నాను.

ఆ లోయలో నేను చేసిన అసలు పొరపాటు స్లీపింగ్ బ్యాగ్ విషయంలో కాదు, చోటు విషయంలో జరిగింది. చల్లని గాలి బరువైనది. రాత్రి అది వాలు వెంట నీటిలాగే కిందికి జారి, లోయ అడుగున మడుగులా నిలుస్తుంది. నేను సరిగ్గా ఆ మడుగులో పడుకున్నాను. ఏటి అడుగు నుంచి పది పదిహేను మీటర్లు పైకి వెళ్లి, వాలు మీద కాస్త చదునుగా ఉన్న చోట గుడారం వేస్తే, నాలుగడుగులు ఎక్కువ నడవవలసి వచ్చినా, గాలి చెప్పుకోదగినంత వెచ్చగా ఉంటుంది. ఎగువన వాన కురిసినా, ఆనకట్ట నుంచి నీరు వదిలినా ప్రవాహం రాత్రికి రాత్రే పెరగవచ్చు కాబట్టి ఆ ఎత్తు రెండు విధాలా అవసరమే. తలమీద చెట్ల కొమ్మలుంటే నేల వదిలే వేడి కొంత అక్కడే నిలుస్తుంది, గుడారం మీద రాత్రి మంచు తడి తక్కువ పడుతుంది. ఎండిన కొమ్మలు మాత్రం పైన ఉండకూడదు. తూర్పు దిక్కు తెరపిగా ఉండటం కూడా చూసుకుంటాను. రోజు మొత్తంలో అత్యంత చల్లని సమయం అర్ధరాత్రి కాదు, సూర్యోదయానికి అటూ ఇటూ ఉండే కాసేపు. తొలి ఎండ గుడారానికి ఎంత త్వరగా తగిలితే అంత మేలు.

ఇక రాత్రి పొడవు సంగతి. భూమధ్యరేఖకు 30 డిగ్రీల దూరంలో ఉండే చోట డిసెంబరు మూడో వారంలో పగలు సుమారు 10 గంటల 13 నిమిషాలే ఉంటుంది. దక్షిణార్ధగోళంలో ఇదే లెక్క జూన్‌కు వర్తిస్తుంది. అంటే దాదాపు పద్నాలుగు గంటల రాత్రి. మనిషి ఎనిమిది గంటలు నిద్రపోయినా, మరో ఆరు గంటలు చీకటిలో, చలిలో, మాట్లాడే తోడు లేకుండా మెలకువగా గడపాలి. ఒంటరి యాత్రలో కష్టమైన భాగం ఇదేనని నా అనుభవం. వేసవిలో ఒంటరితనం తెలియదు, ఎందుకంటే వెలుతురు పోయేసరికి శరీరం అలసిపోయి ఉంటుంది. చలికాలంలో సాయంత్రం ఆరు గంటలకే చీకటి మీద పడుతుంది, కంటిమీదికి నిద్ర రాదు, ఇంటి మీదికి మనసు పోతుంది. అందుకని ఆ గంటలకు ముందే పని కేటాయించి పెట్టుకుంటున్నాను: మర్నాటికి కావలసిన గాలాలు హెడ్‌ల్యాంప్ వెలుగులో ముడివేసుకోవడం, ఆనాటి నీటి ఉష్ణోగ్రతనూ చేప తగిలిన లోతునూ నోటుపుస్తకంలో రాసుకోవడం, పడుకునే ముందు ఒంట్లో వేడి పుట్టేదాకా ఒడ్డుకు దూరంగా అటూ ఇటూ నడవడం. చెమట పట్టేంత నడక మాత్రం మంచిది కాదు. ఆ తడే తరువాత చలిగా మారుతుంది.

నిద్ర సరంజామాను ఎంచుకునేటప్పుడు ఒక వివరం చాలామంది దృష్టికి రాదు. ఐఎస్ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించిన స్లీపింగ్ బ్యాగ్ మీద వేర్వేరు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి: హాయిగా నిద్రపట్టేది ఒకటి, ముడుచుకొని ఎలాగో గడపగలిగేది ఇంకొకటి, ప్రాణం నిలుపుకోవడానికి మాత్రమే పనికివచ్చేది మరొకటి. పెద్ద అక్షరాలలో కనిపించే అంకె ఎప్పుడూ మొదటిదే కావాలని లేదు. నేను మొదటి అంకెనే లెక్కలోకి తీసుకుంటాను. బ్యాగ్‌లో శరీరం కింద పడిన భాగం అణిగిపోయి వెచ్చదనాన్ని కోల్పోతుంది కాబట్టి, నేల చలిని ఆపేది బ్యాగ్ కాదు, దాని కింద పరిచే మ్యాట్. మ్యాట్ చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకెను ఆర్ విలువ అంటారు. ఒకదాని మీద ఒకటి పరిస్తే ఆ విలువలు కలుస్తాయి. గాలి నింపే మ్యాట్ కింద ఒక పలుచని ఫోమ్ చాపను కూడా నేను అందుకే తీసుకెళుతున్నాను. ఏ ముల్లో గుచ్చుకొని మ్యాట్‌లో గాలి పోయినా ఆ రాత్రికి ఆధారం ఉంటుంది. గుడారం గాలి కంతలను మూసివేయాలన్న కోరికను అణచుకోవాలి. ఊపిరిలోని తేమ లోపలి గుడ్డ మీద చుక్కలుగా పేరుకొని బ్యాగ్‌ను తడిపితే, చలిగాలి వల్ల కలిగే నష్టం కన్నా అది ఎక్కువ నష్టం చేస్తుంది. వెచ్చదనం కోసం గుడారం లోపల స్టవ్‌గాని బొగ్గులుగాని వెలిగించడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, అది నిద్రలోనే మనిషిని చంపుతుంది. స్టవ్ విషయంలో ఒక్క మాట చాలు: డబ్బాలోని ద్రవ బ్యూటేన్ మరిగి వాయువుగా మారితేనే మండుతుంది, అది మరిగేది సున్నాకు అర డిగ్రీ దిగువన కాబట్టి ఆ దరిదాపులకు చల్లబడిన ఉదయాలలో ఉత్త బ్యూటేన్ డబ్బా మంట సన్నగిల్లుతుంది, ప్రొపేన్ కలిసిన డబ్బా తీసుకెళ్లాలి.

చేపల దగ్గరికి వస్తే, అక్కడ లెక్క తిరగబడుతుంది. మనిషికి రాత్రి ముఖ్యమైతే, చేపకు ముఖ్యమైనది మధ్యాహ్నం. చేప ఒంటి వేడి నీటి వేడితో పాటే మారుతుంది. నీరు పది డిగ్రీలు చల్లబడితే దాని శరీరంలోని పనుల వేగం సుమారు సగానికి పడిపోతుంది. అది తక్కువ తింటుంది, ఎర కోసం వెంటబడదు, నోటి ముందుకు వచ్చినదాన్ని కూడా మెల్లగా అందుకుంటుంది. ఊపిరికి మాత్రం లోటుండదు, ఎందుకంటే 30 డిగ్రీల నీటిలో లీటరుకు 7.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 10 డిగ్రీల నీటిలో 11.3 మిల్లీగ్రాములు కరుగుతుంది. కాబట్టి అది ఉండే చోటును నిర్ణయించేది వెచ్చదనమూ, శ్రమ లేకపోవడమూను. ప్రవహించే నీటిలో అయితే లోతైన, నిదానమైన మడుగుల్లో, పెద్ద రాళ్ల వెనుక నిలకడగా ఉన్న నీటిలో వెతకాలి. చెరువులోనో సరస్సులోనో అయితే రెండు మూడు రోజులు వరుసగా ఎండ కాసిన తరువాత, నల్లని బురద ఉన్న లోతు తక్కువ ఒడ్డున చూడాలి. అక్కడ నీరు ఒకటి రెండు డిగ్రీలు వెచ్చబడినా చేప గ్రహిస్తుంది.

ఉత్తరార్ధగోళంలో అది సాధారణంగా ఉత్తరపు ఒడ్డు అవుతుంది. దక్షిణాన వాలిన సూర్యుడి ఎండ నేరుగా తగిలేదీ, ఉత్తరపు గాలి సోకనిదీ ఆ ఒడ్డే. దానివల్ల నాకు నచ్చిన మరో ప్రయోజనం ఉంది. చలికాలంలో సూర్యుడు వాలుగా ఉండి నీడలు పొడవుగా సాగుతాయి, నీరు తేటగా ఉండి చేప మనిషి నీడను దూరం నుంచే పసిగడుతుంది. ఉత్తరపు ఒడ్డున కూర్చుంటే నా నీడ నీటి మీద కాక నా వెనుక నేల మీద పడుతుంది. పొద్దున్నే లేచి చలిలో గాలం వేయవలసిన అవసరం కూడా లేదు. పదకొండు నుంచి నాలుగు గంటల వరకు శ్రద్ధగా కూర్చుంటే చాలు. చిన్న కొక్కెం, చిన్న ఎర, సన్నని దారం వాడాలి. బెండు కొన మాత్రమే నీటిపైన కనిపించేలా సీసపు గుళ్లు సరిచూసుకోవాలి. చేప ఎరను నోటపట్టినా బెండు మునగకపోవచ్చు, కాస్త పక్కకు ఒరగవచ్చు. దారానికి కట్టి నీటిలోకి దించే చిన్న థర్మామీటర్ నా సంచిలో అన్నిటికన్నా ముందు పెట్టుకున్న వస్తువు. అనుమతి పత్రమూ, పట్టకూడని కాలమూ, పట్టదగిన కొలతా ఒక్కో నీటికి ఒక్కో విధంగా ఉంటాయి కాబట్టి వాటిని బయలుదేరే ముందే తెలుసుకోవాలి. వదిలేయదలచిన చేపను తడి చేతులతో పట్టుకొని, వెంటనే నీటిలోకి జారవిడవాలి.

ఒంటరిగా ఉన్నప్పుడు నేను నిజంగా భయపడేది నీటికే. నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. చల్లని నీటిలో హఠాత్తుగా పడిన మనిషి తనకు తెలియకుండానే ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంటాడు. ఆ క్షణంలో తల నీటి లోపల ఉంటే అంతే సంగతులు. మంచుగడ్డంత చల్లని నీటి గురించి శిక్షకులు చెప్పే లెక్కలో మొదటి నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి, ఆ తరువాతి పది నిమిషాలు చేతులూ కాళ్లూ మాట వినే సమయం, సుమారు గంట తరువాత స్పృహ తప్పడం. నేను వెళ్లే చోట నీరు అంత చల్లగా ఉండదు, గడువు ఇంకొంత ఎక్కువ ఉంటుంది. కాని ఒడ్డున చేయి అందించేవారు లేనప్పుడు ఆ ఎక్కువ గడువును నమ్ముకోకూడదు. అందుకే ఒంటరిగా ఉన్నంతకాలం మోకాలు దాటి నీటిలోకి దిగకూడదనీ, లోతైన నీటి అంచున లైఫ్ జాకెట్ విప్పకూడదనీ, నీరు చొరని సంచిలో ఒక జత పొడి బట్టలు ఎప్పుడూ ఒడ్డున ఉంచుకోవాలనీ నియమం పెట్టుకున్నాను. గాలి 10 డిగ్రీలున్నా తడిసిన బట్టల్లో గాలికి నిలబడితే శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కన్నా దిగువకు పడిపోవచ్చు. వేళ్లు ముడి వేయలేకపోవడం, మాట తడబడటం దానికి తొలి గుర్తులు. ఆ స్థితిలో మనిషికి తన స్థితి తనకే తెలియదు కాబట్టి, తడిస్తే ఎలా ఉన్నానా అని ఆలోచించకుండా వెంటనే బట్టలు మార్చుకోవాలన్నది మరో నియమం.

బయలుదేరే ముందు మా అక్క చేతికి ఒక కాగితం ఇస్తాను. బండి ఎక్కడ ఆపుతానో, ఏ దారిన నడుస్తానో, ఏ ఒడ్డున గాలం వేస్తానో, గుడారం రంగేమిటో అందులో ఉంటాయి. అయిదో రోజు సాయంత్రం ఆరు గంటలకు నా నుంచి కబురు రావాలి. తొమ్మిది దాకా రాకపోతే సహాయక బృందానికి ఫోన్ చేయాలి. ఆ మూడు గంటల వ్యవధిని మేమిద్దరం మాట్లాడుకొని పెట్టుకున్నాం. తొందరపడితే అనవసరంగా పదిమందిని చీకటిలో నడిపించినట్లవుతుంది, ఆలస్యమైతే మరో పద్నాలుగు గంటల రాత్రి నా మీద పడుతుంది.

కాగితంలో ఒక్క ఖాళీ మిగిలింది, గుడారం వేసే చోటు. పటంలో రెండు చోట్లు గుర్తు పెట్టుకున్నాను. ఒకటి నీటికి దగ్గరగా, పచ్చికతో చూడముచ్చటగా ఉంది. రెండోది ఇరవై నిమిషాలు పైకి ఎక్కవలసిన దూరంలో చెట్ల మధ్య ఉంది. వచ్చే ఆదివారం మధ్యాహ్నమే అక్కడికి వెళ్లి, రెండు చోట్లా ఒక్కో థర్మామీటర్ కొమ్మకు వేలాడదీసి, పొద్దుగుంకాక రెండు గంటలు ఆగి, రెండు అంకెలూ చూసుకొని వచ్చి ఆ ఖాళీని నింపుతాను.