గడ్డికి కాలమ్ ఉందా?

ఏ పంట ట్రయల్ డేటా షీటు చేతికొచ్చినా ముందు నేను చూసేది గడ్డి బరువుకు కాలమ్ ఉందా లేదా అని. గింజ దిగుబడికి ఎలాగూ ఉంటుంది. గడ్డికి లేదంటే, ఆ షీటు తయారు చేసేటప్పుడు రైతునెవరూ పిలవలేదన్నమాట. రైతు సంఘాలకూ పరిశోధన కేంద్రాలకూ మధ్య ఒప్పందాలు కుదర్చడం నా పని. చాదస్తం అనుకున్నా సరే, ఈ అలవాటు మానను.

సాల్వతోరే చెకరెల్లి అనే శాస్త్రవేత్త, మెట్ట ప్రాంతాల సేద్యం మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన కేంద్రం ఇకార్డా తరఫున సిరియాలో బార్లీ మీద పనిచేస్తూ రకాల ఎంపికను రైతుల చేతికిచ్చారు. అక్కడ బార్లీ అంటే గొర్రెల మేత. వానలు పడని ఏడు పొట్టి రకం మరీ నేలబారుగా ఉండిపోయి కోతకే అందదు. అందుకే మెట్ట రైతులు పొడుగ్గా ఎదిగేవి, గడ్డి మెత్తగా ఉండేవి ఏరుకున్నారు. ఎరువూ నీళ్ళూ పుష్కలంగా ఉన్న ప్రయోగ మడిలో నిలబడి చూస్తే ఈ లెక్క తట్టదు. పడిపోని పొట్టి రకమే అక్కడ ముద్దు.

భాగస్వామ్యం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పేది మాత్రం కెన్యా మొక్కజొన్న సంగతి. 1990లలో నైరోబీలోని ఇసిపే కీటక పరిశోధన కేంద్రం, ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం కలిసి కాండం తొలిచే పురుగు మీద పనిచేశాయి. వరుసల మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి మొక్క, పొలం చుట్టూ నేపియర్ గడ్డి. డెస్మోడియం వాసన గుడ్లు పెట్టడానికి వచ్చే రెక్కల పురుగును బయటికి తరుముతుంది, నేపియర్ వాసన గట్టు మీదికి లాగుతుంది. నేపియర్ మీద పొదిగిన పిల్ల పురుగులు చాలామటుకు బతకవు. ఆ వాసనల్లో ఏ రసాయనాలున్నాయో తేల్చే పరికరాలు రోథమ్‌స్టెడ్ దగ్గరున్నాయి, పురుగు పోకడ ఇసిపే వాళ్ళకు తెలుసు. ఎవరికి వాళ్ళు చేసి ఉంటే సగంలో ఆగిపోయేది.

అసలు విశేషం తర్వాతిది. పురుగు కోసమని వేసిన డెస్మోడియం మడుల్లో స్ట్రైగా తగ్గిపోయింది. స్ట్రైగా అంటే మొక్కజొన్న వేళ్ళకు అంటుకుని పైరు సారం లాగేసే కలుపు. డెస్మోడియం వేళ్ళు వదిలే పదార్థాల్లో కొన్ని స్ట్రైగా గింజను మొలిపిస్తాయి, కొన్ని దాన్ని పైరు వేరుకు అంటుకోనివ్వవు. మొలిచింది ఆధారం లేక చస్తుంది. ఇది ఏ ప్రాజెక్టు లక్ష్యాల్లోనూ రాసుకున్నది కాదు. పైగా డెస్మోడియం, నేపియర్ రెండూ పశువులకు మేత. రైతులకు పురుగు కంటే ఈ మేతే పెద్ద ఆకర్షణ అయ్యుంటుందని నా అనుమానం.

మూడేళ్ళ గ్రాంటుల్లో ఇలాంటివాటికి చోటు తక్కువ. నేలలో కర్బనం పెరిగిందని నమ్మకంగా చెప్పడానికి మూడేళ్ళు ఏ మూలకు? రోథమ్‌స్టెడ్‌లోనే బ్రాడ్‌బాక్ పొలంలో 1843లో మొదలైన గోధుమ ప్రయోగం ఇంకా నడుస్తోంది. అక్కడ దాచిన పాత గోధుమ నమూనాల్లోంచి తెగుళ్ళ శిలీంధ్రాల డీఎన్‌ఏ తీసి, వాటి హెచ్చుతగ్గులకు గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్‌తో సంబంధం ఉందని ఈ శతాబ్దంలో చూపించారు. మొదట్లో దాచినవాళ్ళకు డీఎన్‌ఏ అనే మాటే తెలియదు.

ఇక ఒప్పందాల్లో నాకు టెన్షన్ పెట్టేది నష్టం సంగతి. కొత్త పద్ధతిలో దిగుబడి పడిపోతే శాస్త్రవేత్తకు అదీ ఒక ఫలితమే, పేపర్ అవుతుంది. రైతుకు గాదె వెలితి. ఆఫ్రికాలోని మలావీలో సీగ్లిండ్ స్నాప్ అనే శాస్త్రవేత్త వాడిన తల్లి-పిల్ల ట్రయళ్ళు నాకు నచ్చేది ఇందుకే. అన్ని పద్ధతులూ శాస్త్రవేత్తల చూపులో తల్లి మడిలో ఉంటాయి. రైతు వాటిలో తనకు నచ్చిన కొన్నింటినే తన పొలంలో, తన తీరులో వేసి చూస్తాడు. అది పిల్ల మడి.

రెండోది ఫలితాలు. పేపర్ అచ్చయ్యాక చెబుతాం అంటారు. అప్పటికి రైతు మళ్ళీ విత్తి, కోసి కూడా ఉంటాడు. ఎవరి మడి అంకెలు వాళ్ళకు వచ్చే విత్తుకు ముందే ఇవ్వాలని ఇప్పటి ముసాయిదాలో ఒక వాక్యం చేర్చాను. అవతలి లీగల్ వాళ్ళు దాన్ని రెండుసార్లు కొట్టేశారు, నేను రెండుసార్లు తిరిగి పెట్టాను. వచ్చే వారం మళ్ళీ కాల్ ఉంది.